మూడో గోనె మీది ఆయిల్ పంపు

ఇంజిను విప్పడం పెద్ద విద్య కాదు. పానా పట్టడం వచ్చినవాడెవడైనా విప్పుతాడు. తిరిగి బిగించడం కూడా నాలుగేళ్ళు చేతులు మసి చేసుకుంటే వచ్చేస్తుంది. విప్పిన సామాన్లలో ఏది పారేయాలి, ఏది మళ్ళీ వేయాలి అని తేల్చడమే అసలు పని. బెంగళూరులో ముప్పై ఏళ్ళకు పైగా నేను చేసింది అదే. బాగా తేలుస్తానని పేరు కూడా తెచ్చుకున్నాను. ఆ పేరు చూసుకుని మురిసిపోతూ నేను చేసిన ఒక పని గురించి ఇప్పుడు రాస్తున్నాను. ఇప్పటి పిల్లలు బండికి కంప్యూటరు తగిలించి జబ్బేమిటో చదివేస్తున్నారు. ఈ ముసలాయన పాత ఇంజిను ముచ్చట్లు మాకెందుకు అనుకోవచ్చు. ఇందులో ఇంజిను సంగతి సగమే. మిగతా సగం ఏ కాలపు మెకానిక్కుకైనా పనికొస్తుంది.

తొంభైల మధ్య మాట. బొమ్మనహళ్ళిలో, హోసూరు రోడ్డు వెనక సందులో మా షెడ్డు. పైన సిమెంటు రేకులు, కింద ఆయిలు తాగి తాగి నల్లబడిన నేల. పక్కనే బట్టల ఫ్యాక్టరీ ఉండేది. సాయంత్రం ఆడవాళ్ళు షిఫ్టు దిగారంటే సందు నిండిపోయి, బండి బయటికి తీయడానికి అరగంట ఆగాల్సి వచ్చేది. మా ఓనరుకు పని తెలుసు గానీ నడుము వంగదు. అందుకని కుర్చీలో కూర్చుని మమ్మల్ని తిట్టడం ఆయన పని, తిట్లు తింటూ చేసేది మా పని. నేను హెడ్ మెకానిక్కుని. నా తర్వాత చెప్పుకోవాల్సిన మనిషి లేత్ మిషను మీద పనిచేసే ఆయన. కోలారు నుంచి వచ్చిన ముస్లిం, నాకన్నా పదేళ్ళు పెద్ద. అందరం ఆయన్ని భాయ్ అనేవాళ్ళం, ఆయన నన్ను తమ్ముడూ అనేవాడు. కళ్ళజోడు ఒక కాడ విరిగితే దారం కట్టుకున్నాడు. మాట తక్కువ. కొలత పరికరం ఏం చెబితే అదే చెప్పేవాడు, ఒక వెంట్రుకంత కూడా కలిపేవాడు కాదు.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. బండి ఇంజిను అరిగిపోయి పొగ కక్కుతూ మా దగ్గరికి వస్తే, మొత్తం విప్పి, ముక్కలన్నీ డీజిల్లో కడిగి, మూడు గోనెపట్టాల మీద పరిచేవాళ్ళం. మొదటి గోనె పారేసే వాటికి. రెండోది ఇంకా నడిచే వాటికి. మూడో దాన్ని ‘చూద్దాం’ గోనె అనేవాళ్ళం. అటో ఇటో తేలనివి దాని మీద ఉండేవి. మూడో గోనె మీది సామాను ఏదైనా సరే ఇద్దరు వేరువేరుగా కొలవాలి. ఇద్దరూ నడుస్తుందంటేనే అది రెండో గోనె మీదికి పోతుంది. ఒక్కడు వద్దన్నా పారేయాల్సిందే. ఓనరు పెట్టిన నియమాల్లో ఇదొక్కటే మేం మనసారా ఒప్పుకున్నది. ఆ ఇద్దరు ఎప్పుడూ నేనూ, భాయ్.

నాకు పేరొచ్చింది రెండో గోనె వల్ల. వేరే షెడ్డువాళ్ళు పారేయమన్న సామాను నా దగ్గర నడిచేది. అరిగిన చోట గోరుతో గీసి చూసి, పనికొస్తుందో లేదో చెప్పేసేవాణ్ణి. భాయ్ నవ్వేవాడు. “నీ గోరుకి కండ్లు ఉండాయా తమ్ముడూ? గేజు పెట్టి చూడరాదా?” అనేవాడు. ఫీలర్ గేజ్ అంటే సందు కొలిచే సన్నటి రేకుల కట్ట. నేను ముందు గోరుతో చెప్పి, తర్వాత ఆయన రేకు పెట్టి చూస్తే పదింట తొమ్మిదిసార్లు నా మాటే నిలిచేది. ఆ తొమ్మిదిసార్లు నన్ను పాడుచేశాయి.

ఆ ఏడు దసరాకు ముందు ఒక టాక్సీ వచ్చింది. నల్లటి ఒళ్ళు, పసుపు పచ్చటి నెత్తి, డీజిల్ ఇంజిను. డ్రైవరుకు ముప్పై ఏళ్ళుంటాయి. వాళ్ళ తాతలు మదనపల్లె వైపు నుంచి వచ్చి హొసకోటెలో స్థిరపడ్డారు. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే అక్క పెంచింది. అక్కా, బావా, వాళ్ళ కూతురితో కలిసి ఒకే ఇంట్లో ఉండేవాడు. హొసకోటె నుంచి ఊరంతా దాటుకుని మా దగ్గరికెందుకు వచ్చావని అడిగాను.

“నీ పేరు ఇని వచ్చినానప్పా. ఆ మేస్త్రి చెయ్యి పడితే ఏదీ పారెయ్యాల్సిన పనుండదంట కదా?” అన్నాడు.

నాకు ఛాతీ ఉబ్బింది. నిజం చెప్పడానికి సిగ్గెందుకు, ఆ మాటతోనే ఆ మనిషి నాకు నచ్చేశాడు.

వారం పాటు అతను రోజూ వచ్చి ఇంజిను పక్కనే కూర్చున్నాడు. ఒకరోజు మధ్యాహ్నం వాళ్ళ అక్క కూడా బస్సెక్కి వచ్చింది. సన్నటి మనిషి. ఉబ్బసం. సందు మొదటి నుంచి షెడ్డు దాకా నడిచేసరికి ఆయాసపడి, పాత టైరు మీద కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయింది. తేరుకున్నాక గోనెల మీది సామాన్లు చూసి నోరు తెరిచింది.

“ఏమప్పా, ఇన్ని ముక్కలూ మళ్ళా దాంట్లోకే పట్టిస్తారా? ఒగటి మిగిలిపోతే?”

“మిగిల్తే నీకే ఇస్తాలేమ్మా, రోట్లో ఏసి దంచుకో” అన్నాను.

ఆమె నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. వెళ్ళేముందు నా దగ్గరికొచ్చి, “ఆయుధ పూజ నాటికి బండి కావాలప్పా. సీట్లకి కవర్లు కుట్టి పెట్టినా. వానికి ఆ బండే బతుకు” అంది. అయిపోతుందమ్మా అని మాటిచ్చాను.

బెంగళూరులో ఉన్నవాళ్ళకు ఆయుధ పూజ గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకు చెబుతాను. ఆ రోజు ఊళ్ళో ప్రతి బండికీ చేమంతి దండలు, అరటి పిలకలు కడతారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. గుమ్మడికాయ పగలగొట్టి, బొరుగులు పంచుతారు. ఆ రోజు బండి షెడ్డులో ముక్కలుగా పడి ఉండటం డ్రైవరుకు తలవంపు, ఏడాదంతా కీడు జరుగుతుందని భయం కూడా. మా షెడ్డులో ముందురోజే పనిముట్లన్నీ కడిగి, బెంచీ మీద గుడ్డ పరిచి, దేవుడి పటం ముందు వరసగా పేర్చేవాళ్ళం. ఓనరు భార్య వచ్చి ఒక్కోదానికి కుంకుమ బొట్టు పెట్టేది. బొట్టు పడ్డాక పూజ ముగిసి బెంచీ ఎత్తేదాకా ఆ పనిముట్టును ఎవరూ ముట్టుకోకూడదు. కొలత పరికరాలు అన్నిటికన్నా విలువైనవి కాబట్టి బెంచీ మీద మొదటి చోటు వాటిదే. వాటిని కడిగి, తుడిచి పేర్చేది ఎప్పుడూ భాయే. ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు.

పూజ ముందురోజు పొద్దున టాక్సీ ఇంజినులో అన్నీ తేలిపోయాయి, ఒక్క ఆయిల్ పంపు తప్ప. ఇంజిను లోపల తిరిగే ప్రతిదానికీ నూనె తోసేది ఆ పంపే. అది మూడో గోనె మీద ఉండిపోయింది. భాయ్ దాన్ని ఆ పొద్దునే కొలిచాడు.

“లోపల గోడకి గుంతలు పడినాయి తమ్ముడూ. నూనె వేడెక్కి పల్చబడిందంటే ఎనక్కి జారిపోతాది. కొత్తది ఎయ్యి” అన్నాడు.

కొత్త పంపు కోసం బండి సామాన్ల కొట్లుండే జేసీ రోడ్డుకు మనిషిని పంపాను. ఏ కొట్లోనూ లేదు. పండగ పోయాక, నాలుగు రోజులకు వస్తుందన్నారు. డ్రైవరు నా ముఖం చూశాడు.

“ఎట్లన్నా చెయ్యప్పా. అక్క రేపు పొద్దున్నే వస్తాది. నువ్వు తలచుకుంటే కానిదా?”

ఆ చివరి మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. తప్పు అతని మీదికి నెట్టడానికి ఇది చెప్పడం లేదు, అలాంటి మాటకు నేనెంత తేలిగ్గా పడిపోయేవాణ్ణో చెప్పడానికి చెబుతున్నాను. పంపు మూత తీసి, గాజు పలక మీద గరుకు పేస్టు పూసి, దాన్ని గంటసేపు రుద్దాను. అరిగిన మూతను చదును చేయడానికి అప్పట్లో అందరం చేసే పనే అది. మూత అద్దంలా వచ్చింది. కానీ గుంతలున్నది లోపలి గోడకు. మూతను ఎంత రుద్దినా గోడ బాగుపడదు. ఈ సంగతి నాకు అప్పుడు కూడా తెలుసు.

రుద్దడం అయ్యేసరికి సాయంత్రం ఐదయింది. రుద్ది బాగుచేశాను కాబట్టి, నియమం ప్రకారం ఇప్పుడు నేను కొలవాలి, పొద్దున వద్దన్న భాయ్ కూడా మళ్ళీ కొలవాలి. కానీ ఫీలర్ గేజ్ బెంచీ మీద, దేవుడి పటం ముందు, బొట్టు పెట్టుకుని కూర్చుంది.

భాయ్ బెంచీ వైపు చూసి, “తీసుకో తమ్ముడూ. దేవుడేమీ అనుకోడు. పని కోసమే కదా దాన్ని పూజలో పెట్టింది?” అన్నాడు.

“బొట్టు పెట్టినాక తాకకూడదు భాయ్. మా పద్ధతులు నీకు తెలీవు” అన్నాను.

ఇరవై ఏళ్ళుగా ఆ బెంచీ మీద పనిముట్లు పేర్చిన మనిషితో నేనన్న మాట అది. ఆయన ముఖం చిన్నబోయింది. వెళ్ళి లేత్ మిషను తుడుచుకోసాగాడు. నాలో ఆ పూట భక్తి ఏమీ లేదు. రేకు పెట్టి చూస్తే పంపు పనికిరాదని తేలిపోతుందేమోనన్న భయం. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని ఆ భయాన్ని దాచాను. గోరుతో లోపల గోడ గీశాను. గోరు రెండు చోట్ల పట్టింది. పట్టలేదని నాకు నేను చెప్పుకున్నాను. పంపును మూడో గోనె మీంచి తీసి, రెండో గోనె మీద పెట్టి, పది నిమిషాల్లో ఇంజినుకు బిగించేశాను.

మర్నాడు వాళ్ళక్క వచ్చింది, బావా పదేళ్ళ కూతురూ కూడా వచ్చారు. నీలం పూల సీటు కవర్లు తొడిగారు. ఆమే హారతి ఇచ్చింది. సెల్ఫ్ కొట్టగానే ఇంజిను అందుకుంది. ఆయిలు ఒత్తిడి తగ్గితే వెలిగే ఎర్ర దీపం ఒక్క క్షణం మెరిసి ఆరిపోయింది. చల్లటి నూనె చిక్కగా ఉంటుంది, పాడైన పంపయినా దాన్ని తోస్తుంది. డ్రైవరు నా కాళ్ళకు దండం పెట్టబోతే ఆపాను. భాయ్ తెల్ల చొక్కా వేసుకుని వచ్చి, అందరితో పాటు బొరుగులు తీసుకుని, బండి వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

మూడు వారాలకు డ్రైవరు మళ్ళీ వచ్చాడు.

“సిగ్నల్లో నిలబడితే ఎర్ర లైటు కండ్లు కొట్టినట్ల కొడతాది మేస్త్రీ. బండి కదిలితే ఆరిపోతాది.”

ఇక్కడ నాకు రెండో అవకాశం వచ్చింది. కొత్త పంపు అప్పటికి కొట్లో ఉంది. ఒకరోజు బండి ఆపి పంపు మార్చేస్తే అయిపోయేది. కానీ అలా చేస్తే భాయ్ ముందు నా మాట పోతుంది. బానెట్ ఎత్తి, బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిను కాస్త వేగంగా తిరిగేలా ఒక స్క్రూ బిగించాను. లైటు కొట్టడం మానేసింది. జబ్బు అలాగే ఉంది, దాన్ని చూపించే గుర్తు మాత్రం పోయింది.

“కొత్తగా బిగించిన ఇంజిను, సర్దుకుంటాది. దినామూ పొద్దున ఆయిల్ పుల్ల తీసి చూసుకో. అది మరిస్తే నా పూచీ లేదు” అన్నాను.

లేత్ దగ్గర నుంచి భాయ్ ఇదంతా చూశాడు.

చలికాలం నడిమధ్యన ఒక పొద్దున హొసకోటెలో వాళ్ళక్కకు ఊపిరి అందలేదు. మాత్రలు మింగినా తగ్గలేదు. తమ్ముడు ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టి, తల కూతురి ఒడిలో పెట్టించి, పెద్దాసుపత్రికని బండి తీశాడు. బావ ఊళ్ళో లేడు. ఓల్డ్ మద్రాసు రోడ్డు మీద ఎంత వేగం పోతుందో అంత వేగం పోనిచ్చాడు. సగం దారిలో ఎర్ర దీపం వెలిగి, ఇక ఆరలేదు. వెలిగిందని చూశానని అతనే తర్వాత చెప్పాడు. చూసి మాత్రం ఎలా ఆగుతాడు? కృష్ణరాజపురం ఇంకా రాకముందే ఇంజిను లోపల బిగుసుకుపోయి పట్టేసింది. రోడ్డు మధ్య నిలబడి చేతులు ఊపితే లారీలు తప్పుకుని పోయాయి. ఒక టెంపోవాడు ఆగేసరికి ఇరవై నిమిషాలు. ఆసుపత్రికి చేరాక, ఆమె దారిలోనే పోయిందన్నారు.

దినాలు అయ్యాక బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. డ్రైవరు గడ్డం పెరిగి, ఒంటి మీద బట్టలు వదులై, గుర్తు పట్టలేకుండా ఉన్నాడు. బానెట్ ఎత్తి కూడా చూడలేదట. వచ్చి షెడ్డు గడప మీద, మా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. భాయ్ పెద్ద పళ్ళెం ఒకటి బండి కిందికి నెట్టి, అడుగున ఆయిల్ మర విప్పాడు. నల్లటి నూనె ధారగా దిగడం మొదలుపెట్టింది. దిగుతూనే ఉంది. పళ్ళెం అంచు దాకా వచ్చింది. ఉండాల్సిన నూనె చుక్క తగ్గకుండా ఉంది. నూనె నిండా ఉండి కూడా ఇంజిను పట్టేసిందంటే ఇక కారణం ఒక్కటే, పంపు. ఆ మాట నేను చెప్పాల్సిన పని లేకుండా భాయ్‌కి తెలుసు, నాకూ తెలుసు.

గడప మీంచి డ్రైవరు తిరగకుండానే అడిగాడు.

“ఆయిలు తక్కువుండెనా మేస్త్రీ? ఆ పొద్దు తొందర్లో పుల్ల తీసి చూసుకోలేదు నేను.”

భాయ్ రెండు చేతులతో పళ్ళెం ఎత్తి పట్టుకుని నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. నూనె ఒలికిపోతుందేమోనని కదలడం లేదు. ఓనరు కుర్చీలోంచి చూస్తున్నాడు. ఆయనకు కళ్ళజోడు లేకుండా పళ్ళెం కనపడదు.

“కొద్దిగా తక్కువుండాదప్పా” అన్నాను.

ఆ మాట అంటానని ముందు అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. కానీ వచ్చాక వెనక్కి తీసుకోలేదు. డ్రైవరు రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు. “నేనే సంపుకున్నా అక్కని” అన్నాడు. నేను వెళ్ళి అతని భుజం మీద చెయ్యేశాను. జరిగిందేదో జరిగిపోయిందిలే అని ఓదార్చాను కూడా. ఆ చెయ్యి తలుచుకుంటే నాకు ఇప్పటికీ అసహ్యం.

ఆ సాయంత్రం చేతులు కడుక్కునేటప్పుడు భాయ్ నా పక్కకు వచ్చాడు.

“పంపు తప్పు ఎవురన్నా చేస్తారు తమ్ముడూ. నేనూ గట్టిగా అడ్డం పడలేదు, సగం నాది. ఆ మాట మటుకు పూరా నీదే. పోయి చెప్పు.”

“రేపు పోతా భాయ్” అన్నాను.

మర్నాడు అడిగాడు. ఆ మర్నాడూ అడిగాడు. నువ్వే చెప్పొచ్చు కదా అన్నాను ఒకసారి, విసుగ్గా. “నేను చెప్తే అది చాడీ అవుతాది. నువ్వు చెప్తేనే వానికి నిజం అవుతాది” అన్నాడు. ఆ నెలాఖరుకు పని మానేసి, హొసకోటెలో ఏదో మిషను షాపులో చేరిపోయాడు. నాలుగైదేళ్ళ తర్వాత ఆయన చనిపోయాడని, చనిపోయి అప్పటికే ఏడాదయిందని, సామాన్ల కొట్లో ఎవరో అంటే విన్నాను. నాతో కలిసి కొలిచిన మనిషి పోయిన సంగతి నాకు అలా తెలిసింది.

నేను మాత్రం వెళ్ళలేదు. దుఃఖంలో ఉన్నాడు, ఇప్పుడెందుకని కొన్నాళ్ళు. మరిచిపోయి ఉంటాడు, మళ్ళీ కెలకడం ఎందుకని కొన్నాళ్ళు. ఆ తర్వాత ఎక్కడున్నాడో తెలియదని. వెతికితే గంటలో దొరికేవాడు. పనిలో మాత్రం మారిపోయాను. కాస్త గీత పడిన సామాన్లు కూడా మొదటి గోనె మీదికి విసిరేసేవాణ్ణి. మూడో గోనె పరచడమే మానేశాను. ముసలోడికి చెయ్యి పోయింది, కొట్లవాళ్ళతో కలిసిపోయి అన్నీ కొత్తవి కొనిపిస్తున్నాడు అనుకున్నారు జనం. నా పేరు అలా పోయింది. పోయినందుకు బాధపడలేదు.

రెండువేల తర్వాత షెడ్డున్న చోట అపార్ట్‌మెంటు లేచింది. నేను మహదేవపుర వైపు అద్దాల ఆఫీసుల్లో జనరేటర్లు చూసే పనికి కుదిరాను. ఒకరోజు ఒక ఆఫీసు గేటు దగ్గర స్కూటరు ఆపి, లోపలికి పోయే చిట్టీ రాయించుకోవడానికి నిలబడ్డాను. సెక్యూరిటీ మనిషి ఒకడు కర్రకు బిగించిన అద్దాన్ని కార్ల కిందికి నెట్టి చూస్తున్నాడు. బాంబుల కోసం చూడమని చెప్పి పెట్టిన పని అది. అతను చూసి, లేచి, కారు అద్దం దగ్గర వంగి ఏదో చెబుతున్నాడు. తర్వాతి కారుకూ అంతే. ఆ తర్వాతి దానికీ అంతే. నా వంతు దగ్గరయ్యేసరికి మాట వినపడింది.

“ఆయిలు చూసుకుంటా ఉండండి సార్. దినామూ పొద్దున చూసుకోండి.”

లోపలివాళ్ళు అతని వైపు చూడకుండానే అద్దాలు ఎక్కించుకుని పోతున్నారు. పక్కనున్న గార్డు నాతో కన్నడలో అన్నాడు, వాడంతే, పిచ్చి, ప్రతి బండికీ చెబుతాడని. అప్పుడు ముఖం చూశాను. జుట్టు సగం నెరిసింది. నా టాక్సీ డ్రైవరే.

తిరిగి వెళ్ళిపోదామని స్కూటరు తిప్పాను కూడా. రోడ్డు దాకా వెళ్ళి ఆగిపోయాను. ఈసారి కూడా పోతే ఇక నేను మనిషిని కాదనిపించింది. అతని డ్యూటీ దిగేదాకా ఎదురుగా టీ బంకు దగ్గర కూర్చున్నాను. నన్ను చూసి మేస్త్రీ అంటూ సంతోషపడ్డాడు. ఎట్లుండావప్పా అని అడిగాడు. ఎలా ఉన్నానో చెప్పలేదు. పంపు గురించి, బొట్టు పెట్టిన గేజు గురించి, స్క్రూ గురించి, పళ్ళెం గురించి వరసగా చెప్పేశాను. దేన్నీ మెత్తగా చేయలేదు.

అతను టీ గ్లాసు పట్టుకుని ఒక్కటే అడిగాడు.

“అయితే నిండుగా ఉండెనా?”

“నిండుగా ఉండె. అంచు దాకా.”

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. అతను గ్లాసు కింద పెట్టి, ఎవరికో లెక్క అప్పజెబుతున్నట్టు మెల్లగా చెప్పుకొచ్చాడు. ఆ రోజు షెడ్డు నుంచి నేరుగా ఇంటికి పోయి, ఆయిలు నేను చూసుకోలేదు, మేస్త్రి కూడా అదే చెప్పినాడని బావతో చెప్పాడట. బావ మెడ పట్టి బయటికి గెంటి, ఈ గడప తొక్కొద్దన్నాడట. మేనకోడలు తలుపు చాటు నుంచి చూస్తూ ఉండిందట. అప్పటి నుంచి స్టీరింగు ముట్టలేదు, పెళ్ళి చేసుకోలేదు. పోయిన ఏడాది బావ చనిపోతే, పాడె పోతున్నప్పుడు వీధి చివర నిలబడి చూసి వచ్చేశాడు.

“బావకి చెప్పేదానికి లేదు ఇంగ” అన్నాడు. “ఆ పిల్ల ఉండాది. దానికి పెండ్లయి అదే ఇంట్లో ఉండాది. నువ్వొచ్చి చెప్తావా? నేను చెప్తే నమ్మదు” అన్నాడు.

ఆదివారం ఇద్దరం హొసకోటె బస్సెక్కాం. వీధి మొదట్లోనే అతను ఆగిపోయాడు. నేనొక్కణ్ణే వెళ్ళి తలుపు కొట్టాను. తలుపు తీసిన మేనకోడలిది వాళ్ళమ్మ పోలికే, అదే సన్నటి మనిషి, చంకలో బిడ్డ. ఎవరని అడిగితే, మీ మామ బండి ఇంజిను బిగించిన మేస్త్రినని చెప్పాను. గుమ్మంలో నిలబడే అంతా చెప్పాను. ఆమె నన్ను మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. బిడ్డ ఏడిస్తే భుజం మార్చుకుంది, అంతే. అయిపోయాక నన్ను దాటి వీధి చివరికి చూసింది. అక్కడ వాళ్ళ మామ కరెంటు స్తంభం పక్కన, పిలిస్తే వద్దామా పారిపోదామా అన్నట్టు నిలబడి ఉన్నాడు.

“మామా” అని అరిచింది. “ఆడేం చేస్తాండావు? ఇంట్లోకి రా.”

అతను వచ్చాడు. నా పక్క నుంచే వచ్చాడు, నా ముఖం చూడలేదు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగితే ఆ అమ్మాయి బిడ్డను అతని చేతుల్లో పెట్టి, లోపలికి నడిపించింది. నన్ను రమ్మనలేదు. రమ్మనకూడదు కూడా. నేను మెట్టు దిగబోతుంటే వెనక్కి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. గొంతు పెంచలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది.

“ఇన్నేండ్లు ఈ మాట కడుపులో పెట్టుకోని, అన్నం ఎట్ల తింటివప్పా నువ్వు?”

తలుపు వేసుకుంది. ఆమెకు నేను జవాబు చెప్పలేదు. మీకు చెబుతున్నాను. తిన్నాను. పదేళ్ళూ మూడు పూటలా తిన్నాను, ఉప్పు తక్కువైతే అడిగి వేయించుకుని తిన్నాను.